ఢీకొట్టి వెతికే విద్య: ఇంకా దొరకని కణాలు (అవగాహన)

పరీక్షల్లో కణ భౌతికం అనగానే చాలామంది హిగ్స్ బోసాన్ దగ్గరే ఆగిపోతారు. 2012 జులై 4, సెర్న్, 125 జీఈవీ గుర్తుంటే చాలనుకుంటారు. ఇంకా దొరకని కణాన్ని ఎలా వెతుకుతారన్నదే అసలు చదవాల్సిన పాఠం. చేవెళ్ల, మొయినాబాద్ విద్యార్థులకు ఇది పరాయి సంగతేమీ కాదు. శంకర్‌పల్లి మీదుగా వెళ్తే వచ్చే కందిలోని ఐఐటీ హైదరాబాద్, జపాన్‌లోని సుకుబాలో సాగుతున్న బెల్-2 ప్రయోగంలో భాగస్వామి.

ఢీకొట్టడం దేనికి?

శక్తి ద్రవ్యరాశిగా మారగలదు. బరువైన కణం పుట్టాలంటే అంత శక్తీ ఒక్కచోట చేరాలి. జెనీవా దగ్గర సెర్న్ నడిపే ఎల్‌హెచ్‌సీ యంత్రం సొరంగం 27 కిలోమీటర్లు. మొయినాబాద్ నుంచి చేవెళ్లకు ఉన్న దూరం కన్నా ఎక్కువ. అక్కడ 2022లో ప్రోటాన్లను 13.6 టీఈవీ శక్తితో ఢీకొట్టించడం మొదలైంది. బెల్-2 ఉన్న సూపర్‌కేఈకేబీ యంత్రం చుట్టుకొలత 3 కిలోమీటర్లే. 7 జీఈవీ ఎలక్ట్రాన్లకు 4 జీఈవీ పాజిట్రాన్లు ఎదురొస్తాయి. శక్తి తక్కువే, కానీ లెక్కలేనన్ని సార్లు ఢీకొట్టించి అరుదైన క్షయాలను పట్టుకోవడం దాని పద్ధతి.

తగ్గింది ఎక్కడికి పోయింది?

మొయినాబాద్ తోటలో 40 బాక్సుల టమాటా ఎక్కించి, చేవెళ్ల మార్కెట్లో దించితే 38 తేలాయనుకుందాం. ఆ రెండూ పోవడం ఎవరూ చూడలేదు, కానీ తగ్గాయన్నది నిజం. 'లుప్త శక్తి' పద్ధతి ఇదే. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ లోపలికి తెచ్చిన శక్తి మనకు ముందే తెలుసు. బయటికొచ్చినవన్నీ కూడితే తక్కువైతే, డిటెక్టర్‌కు చిక్కనిదేదో తప్పించుకుంది.

అయితే ఎక్కించేటప్పుడే లెక్క తప్పి ఉండొచ్చు, టార్పాలిన్ కింద ఓ బాక్సు మిగిలి ఉండొచ్చు. డిటెక్టర్‌లో సందులుంటాయి, న్యూట్రినోలు కూడా ఆనవాలు లేకుండా జారిపోతాయి. వీటినే 'నేపథ్యం' అంటారు. పరిశోధకుల శ్రమలో పెద్ద భాగం దీన్ని అంచనా కట్టడానికే పోతుంది.

ప్రోటాన్ విషయంలో చిక్కు ఎక్కువ. అది క్వార్కులు, గ్లూవాన్ల మూట. ఏది ఎంత శక్తితో ఢీకొందో ముందు తెలియదు కాబట్టి ఎల్‌హెచ్‌సీలో పుంజానికి అడ్డంగా ఉన్న దిశలోనే ద్రవ్యవేగం లెక్క సరిచూస్తారు. ఈ తేడా రాస్తే జవాబుకు బరువొస్తుంది.

ఐదు సిగ్మా

2015 డిసెంబరులో ఎల్‌హెచ్‌సీలోని అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాలకు 750 జీఈవీ దగ్గర డేటాలో ఒక ఎగుడు (నేపథ్యం అంచనాకు మించిన పెరుగుదల) కనిపించింది. దాని మీద వందల సిద్ధాంత పత్రాలొచ్చాయి. 2016 ఆగస్టుకు మరింత డేటా చేరాక అది చెరిగిపోయింది. ఎగుడు ఇలా యాదృచ్ఛికంగానూ రావచ్చు కాబట్టే, అది నేపథ్యాన్ని ఎంత మించిందో సిగ్మాల్లో కొలిచి 3 సిగ్మాను 'ఆధారం' అని, 5 సిగ్మాను 'ఆవిష్కరణ' అని అంటారు. 5 సిగ్మా అంటే, కొత్త కణం లేకుండానే నేపథ్యం ఒక్కటే అంత ఎగుడును చూపే అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటి. కణం ఉండే సంభావ్యత ఇంత అని రాస్తే తప్పు.

దొరకకపోవడమూ ఫలితమే. 2020లో బెల్-2 తన తొలి భౌతిక పత్రంలో జెడ్-ప్రైమ్ అనే ఊహాత్మక కణం కనిపించలేదని చెప్పి, దానికి హద్దులు గీసింది.

తాజా ప్రశ్న

బి మీసాన్ ఒక కేయాన్‌గా, రెండు న్యూట్రినోలుగా విడిపోయే అరుదైన క్షయానికి 2023లో బెల్-2 3.5 సిగ్మా ఆధారం చూపింది. కొలిచిన క్షయం రేటు, ఇప్పటి కణ సిద్ధాంతమైన ప్రామాణిక నమూనా అంచనా కన్నా 2.7 సిగ్మా ఎక్కువ. కాబట్టి క్షయానికి 'ఆధారం' దొరికిందని రాయండి. కొత్త కణం దొరికిందని మాత్రం రాయకండి.