రెండు రోజుల పట్నం: ప్రయాణ ప్రణాళికలో ఒక పాఠం

మన వైపు 'పట్నం' అంటే ఏ పట్నం అని ఎవరూ అడగరు. హైదరాబాదు ఒక్కటే పట్నం. జహీరాబాదు నుంచి సుమారు 100 కిలోమీటర్లు. పొద్దున ఎక్కితే ఎండ ముదరకముందే దిగుతాము. అయినా మనవాళ్ళు పట్నం పోయేది దవాఖానాకో, హైకోర్టుకో, పెండ్లి బట్టలకో, పోటీ పరీక్షకో. పని అయిందా, తిరుగు బస్సు! ఊరు చూద్దామని పోయినవాళ్ళు ఎందరని మా తరగతిలో అడిగితే లేచిన చేతులు చాలా తక్కువ. చరిత్ర పేపరులో కుతుబ్‌షాహీల మీద పది మార్కుల జవాబు రాసినవాళ్ళలోనే చార్మినారును కళ్ళతో చూడనివాళ్ళు ఉన్నారు. అందుకే ఈ ఏడు తరగతి మొత్తం కలిసి శని, ఆదివారాలు పట్నం పోవాలని అనుకున్నాము. ఆ ఏర్పాటు లెక్క నాకు అప్పగించారు. అర్థశాస్త్రం విద్యార్థిని గనుక కొంచెం పాఠంలాగానే రాస్తున్నాను. మిత్రులు ఓపిక పట్టాలి.

మొదటి ప్రశ్న ఏమి చూడాలని కాదు, ఎవరు రాగలరని. మా తరగతిలో సగానికి పైగా అమ్మాయిలు. న్యాల్‌కల్, ఝరాసంగం, రాయికోడ్, మొగుడంపల్లి మండలాల ఊళ్ళ నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేవాళ్ళు చాలామంది. చెరుకు నరికే కూలీల పిల్లలున్నారు, అల్లం, ఆలుగడ్డ పండించే రైతుల పిల్లలున్నారు. కొందరు అబ్బాయిలు మాత్రం, "ఒక రాత్రి లాడ్జీలో ఉంటేనే మజా, లేకుంటే పోవుడెందుకు?" అన్నారు. వాళ్ళ మాటనూ తోసిపుచ్చకుండా రెండు పద్ధతులకూ లెక్క కట్టాను.

రాత్రి పట్నంలో ఉండే పద్ధతిలో ఒక్కొక్క అబ్బాయికి రెండు బస్సు చార్జీలు, గదిలో వాటా, అదనంగా రెండు పూటల తిండి అవుతాయి. శనివారం పోయి రాత్రికి వచ్చి, ఆదివారం మళ్ళీ పోయి వచ్చే పద్ధతిలో నాలుగు చార్జీలు. అంటే గది వాటా, రెండు పూటల తిండి కలిపితే రెండు చార్జీల కంటె ఎక్కువయ్యే పక్షంలో రోజూ వచ్చి పోవడమే చవక. ధరలు మారుతుంటాయి గనుక రూపాయలు ఇక్కడ రాయను. చదువుతున్నవారు ఆనాటి ధరలు వేసుకోవచ్చు. మేము విచారించినంతలో గది వాటా ఒక్కటే రెండు చార్జీలను దాదాపు మింగేస్తున్నది.

అమ్మాయిల విషయంలో లెక్క ఇంకా తేలిక. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి తెలంగాణ ఆడవారికి మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో చార్జీ లేదు. ఎన్నిసార్లు పోయి వచ్చినా సున్నా. ఇక్కడ జహీరాబాదుకే ప్రత్యేకమైన ఒక చిక్కు ఉన్నది. మన బస్టాండులో బీదరు నుంచి పట్నం పోయే కర్ణాటక బస్సులు కూడా ఆగుతాయి. తొందరలో అది ఎక్కితే మన అమ్మాయిలకు టికెట్టు పడుతుంది. కర్ణాటకలో 2023 జూన్ 11న వచ్చిన శక్తి పథకం ఆ రాష్ట్రపు ఆడవారికే. డీలక్సు, సూపర్ లగ్జరీలకు కూడా మన పథకం వర్తించదు. ఆధార్ కార్డు చూపి కండక్టరు దగ్గర జీరో టికెట్టు అడిగి తీసుకోవాలి. ఉచితమే కదా అని తీసుకోకుండా కూర్చుంటే చెల్లదు.

అయితే సరిహద్దు అవతలి ఊళ్ళ అమ్మాయిలు కూడా మన దగ్గర చదువుతున్నారు. బీదరు ఇక్కడికి 30 కిలోమీటర్లే. ఆధార్‌లో కర్ణాటక చిరునామా ఉన్న అమ్మాయికి అదే బస్సులో, అదే సీటులో, పక్కనున్న స్నేహితురాలికి లేని చార్జీ పడుతుంది. వీళ్ళ చార్జీ ఉమ్మడి చందాలోంచి పెట్టాలని నేను ప్రతిపాదించాను. "మరి మా చార్జీ?" అని అబ్బాయిలు అడగనే అడిగారు. న్యాయమైన ప్రశ్నే! చివరకు చందా అందరికీ ఒకటే అని, అందులోంచి బస్సు, మెట్రో, టికెట్లు అన్నీ పోతాయని తేల్చాము. అమ్మాయిలు తమకు మిగిలిన చార్జీని ఒక రకంగా మాకు పంచిపెట్టినట్టే. వాళ్ళు దీనికి ఒప్పుకోవడానికి పది నిమిషాలు పట్టలేదు. అబ్బాయిల వాదన మాత్రం రెండు రోజులు నడిచింది.

డబ్బు కంటె కష్టమైనది కాలం లెక్క. సాధారణంగా పొద్దున ఎన్నింటికి బయల్దేరుదామనే దగ్గర మొదలుపెడతాము. అట్లా కాదు, చివర నుంచి వెనక్కి రావాలి. ఆఖరు గడియారం పట్నంలో లేదు, జహీరాబాదు బస్టాండులో ఉన్నది. ఊళ్ళకు పోయే చివరి పల్లెవెలుగు తప్పితే పిల్లలు బస్టాండులోనే. ఆ బస్సు ఉదాహరణకు రాత్రి 8 గంటలకు అనుకుందాం. 7.15కు జహీరాబాదులో ఉండాలి. బస్సు రెండుంపావు, రెండున్నర గంటలు తీసుకుంటుంది గనుక మియాపూర్‌లో 4.45కు ఎక్కాలి. మెట్రోకు, నడకకు గంట తీసేస్తే పట్నం నడిబొడ్డున మనకు మిగిలేది మధ్యాహ్నం 3.45 వరకే. పొద్దున 6 గంటలకు బయల్దేరినా 9.30కు గానీ చూడడం మొదలు కాదు. రోజుకు 6 గంటలు. రెండు రోజులకు 12. రాత్రి అక్కడే ఉంటే సుమారు 20 గంటలు దొరుకుతాయి. 8 గంటల తేడా చిన్నదేమీ కాదు, ఒప్పుకుంటాను. కాని ఆ 20 గంటలు సగం తరగతికి, ఈ 12 గంటలు అందరికీ.

ఇక్కడ లెక్కను మా తరగతి అమ్మాయే ఒకామె మార్చింది. దూరం ఊళ్ళ వాళ్ళకు పొద్దున 6 గంటల బస్సు ఎట్లాగూ అందదు కదా, శుక్రవారం రాత్రే వచ్చి జహీరాబాదులో ఉన్న స్నేహితురాళ్ళ ఇళ్ళలో పడుకుంటే? శనివారం రాత్రి కూడా అక్కడే ఉంటే? పట్నం లాడ్జీ అంటే గడప దాటనియ్యని తండ్రులు కూడా, "ఫలానావాళ్ళ ఇంట్లనా? సరే పో బిడ్డా" అన్నారు. దీనితో శనివారం ఊరి బస్సు భయం పోయింది. ఆ రోజు సాయంత్రం 5.30 దాకా పట్నంలో ఉండి రాత్రి 9.30కు తిరిగి రావచ్చు. 12 గంటలు 14 అయినయి. నేను కాగితం మీద వారం రోజులు కుస్తీ పట్టి చేయలేనిది అది.

రైలు సంగతి కొందరు అడిగారు. మన లైను దక్షిణంగా వికారాబాదు దిగి, అక్కడ మలుపు తిరిగి పట్నం చేరుతుంది. చుట్టుదారి. కాలం లెక్కే ముఖ్యమైనప్పుడు బస్సే మేలు.

బస్సులో నిద్రపోవద్దని మాత్రం నా మనవి. కోహిర్ దగ్గర జామ తోటలు, సదాశివపేట దాటాక సంగారెడ్డి, కంది దగ్గర 2008లో ఏర్పడిన ఐఐటీ, ఆ తరువాత పటాన్‌చెరు వస్తాయి. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉన్నది. అక్కడ పరిశోధన చేసే జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పరాయివి కావు, మన చేన్లలోవే. సంగారెడ్డి పక్కన పారే మంజీరా నీళ్ళు ఎన్నో ఏండ్లుగా పట్నానికి తాగునీరుగా పోతున్నాయి. పట్నం మనకు ఏమిచ్చిందో అందరూ చెప్తారు, మనం దానికి ఏమి పోస్తున్నామో కూడా ఈ కిటికీలోంచి కనిపిస్తుంది. పటాన్‌చెరు దాటినంక ఫ్యాక్టరీల పొగ కూడా కనిపిస్తుంది, అది వేరే వ్యాసం.

మియాపూర్‌లో దిగగానే మెట్రో. 2017 నవంబరులో మొదలైన ఈ రైలు మన వైపు నుంచి వచ్చేవారికి నిజంగా వరం. ట్రాఫిక్కుతో పని లేకుండా ముప్పావు గంట లోపల మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర దించుతుంది. అక్కడి నుంచి శనివారమంతా కాలినడకే. ఆటో మాట ఎత్తవద్దు. ఎందుకంటే ఆ మైలు దూరంలోనే ఈ నగరం చరిత్ర సగం ఉన్నది.

అఫ్జల్‌గంజ్ వైపు నడిస్తే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంటుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలు తీసినప్పుడు 150 మంది వరకు ఈ చెట్టెక్కి బతికారని చెప్తారు. ఇప్పటి మూసీని చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు. ఆ వరద తరువాతే విశ్వేశ్వరయ్యగారి సలహాలతో ఎగువన చెరువులు కట్టాలనే ఆలోచన వచ్చింది. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినవి. నగరం తాగే నీళ్ళు, నగరాన్ని ముంచే నీళ్ళు రెండూ ఒకే లెక్కలో ఎట్లా చూశారో అర్థశాస్త్రం వాళ్ళు ఆ చెట్టు కింద నిలబడి ఆలోచించవచ్చు.

నయాపూల్ దాటగానే సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు గనుకనే మేము శని, ఆది పెట్టుకున్నాము. 1951 డిసెంబరులో నెహ్రూగారు దివాన్ దేవిడీలో దీన్ని ప్రారంభించారు. ఇప్పుడున్న భవనంలోకి 1968లో వచ్చింది. ఇది ఒక వంశం వాళ్ళు పోగుచేసిన వస్తువులతో ఏర్పడినది. అన్నీ చూస్తామంటే రెండు రోజులూ ఇక్కడే చెల్లుతాయి. మూడు గంటలు పెట్టుకున్నాము. మేలిముసుగు రెబెక్కా విగ్రహం దగ్గర మాత్రం ఆగాలి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన రాతి ముసుగు వెనుక ముఖం కనిపిస్తుంది. రాయి రాయే, అయినా చెయ్యి పెట్టి ముసుగు తీయాలనిపిస్తుంది. సంగీత గడియారం ముందు మధ్యాహ్నం 12 గంటలకు జనం విరగబడతారు. చిన్న బొమ్మ బయటకు వచ్చి పన్నెండు సార్లు గంట కొట్టి పోతుంది. పావుగంట ముందే పోయి కూర్చోవాలి.

తిండికి పత్తర్‌గట్టి, చార్‌కమాన్ దారి. ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్టు ముంచి తినడం పాఠ్యప్రణాళికలో లేదు గాని తప్పనిసరి. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించిన చార్మినారు, దాని పక్కన 1617లో మొదలై ఔరంగజేబు కాలంలో 1694లో గాని పూర్తికాని మక్కా మసీదు, ఆ పక్కనే లాడ్ బజారు గాజులు. బజారుకు గంట కేటాయించాను. చాలదని అమ్మాయిలు, ఎక్కువని అబ్బాయిలు అన్నారు, అంటే సరిపోయినట్టే లెక్క.

ఆదివారం గోల్కొండ. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపించే వింత అందరికీ తెలిసిందే. తరగతిని రెండు జట్లుగా చేసి ఒక జట్టును పైకి పంపితే తప్ప దాని అసలు సంగతి తెలియదు. శత్రువు వస్తున్నాడని పైవారికి చెప్పడానికి మనిషిని పరుగెత్తించనక్కరలేని ఏర్పాటు అది. మట్టి గొట్టాల ద్వారా నీళ్ళు పైకి ఎట్లా ఎక్కించారో భౌతికశాస్త్రం వాళ్ళు చూడాలి. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించినా గోడలు లొంగలేదు, లోపలివాడు తలుపు తీస్తే పడిపోయింది. ఒక అపోహ కూడా ఇక్కడే పోగొట్టుకోవాలి. గోల్కొండ వజ్రాలు గోల్కొండలో దొరకలేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు వంటి గనుల్లో తవ్వి ఇక్కడికి తెచ్చి అమ్మేవారు. పేరు బజారుకు దక్కింది, గనికి కాదు.

12.30కు కోట దిగి ఆబిడ్స్ పోవాలి. ఆదివారం దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి గనుక ఆ మెట్ల ముందు, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. నా దృష్టిలో ఈ రెండు రోజుల్లోనూ విద్యార్థికి ఇంతకంటె గొప్ప చోటు లేదు. బేరం తప్పక చేయాలి. పుస్తకం నచ్చినట్టు ముఖంలో కనిపించనివ్వకూడదు. చందాలోంచి కొంత మిగిలితే తరగతి పేరున నాలుగైదు కొని మన గ్రంథాలయానికి ఇవ్వాలని అనుకున్నాము. అక్కడి నుంచి నాంపల్లి మెట్రో స్టేషన్‌కు నడకే. 3.45కు ఎవరు ఏ పుస్తకం చేతిలో పట్టుకొని ఉన్నా కదలాల్సిందే.

రామోజీ ఫిలింసిటీ, జూపార్కు, హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడు వదిలేశానని చాలామందికి కోపం వచ్చింది. ఫిలింసిటీకి ఒక రోజంతా కావాలి, టికెట్టు కూడా మా చందాకు అందదు. జూకు పోతే గోల్కొండ పోతుంది. బుద్ధుడిని వచ్చే ఏటి వాళ్ళకు వదిలాము. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని ఆర్ట్స్ కళాశాల భవనం చూపించలేకపోవడం మాత్రం నాకే బాధ. పీజీ ప్రవేశానికి పోయినప్పుడు కొందరైనా చూస్తారు.

ఇక మిగిలినవి చిన్న పనులు. జట్టుకు ఎనిమిది మంది, జట్టుకు ఒక పెద్ద, వారి దగ్గర అందరి ఇంటి ఫోన్ నంబర్లు, ఆధార్ నకళ్ళు. శనివారానికి జొన్నరొట్టె, పల్లీల పొడి ఇంటి నుంచి కట్టుకొస్తామని ఆరు ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. ఊళ్ళకు పోయే చివరి బస్సుల వేళలు బస్టాండులో అడిగి ఒక కాగితం మీద రాసుకోవడం నా పని. ఆ కాగితం ప్రయాణంలో నా చొక్కా జేబులోనే ఉంటుంది.