అచ్చువేసిన విద్యుత్ మార్గం

చెడిపోయిన రేడియోను విప్పి చూస్తే లోపల ఒక పలక, దానిపై నదీపాయల వలె చీలిన సన్నని రాగి గీతలు కనిపిస్తాయి. ఆ గీతలే తీగలు. వాటిని ఎవరూ ఒక్కొక్కటిగా అమర్చలేదు, అచ్చువేశారు. పుస్తకపు పుట వలె విద్యుత్ మార్గాన్నీ ముద్రించవచ్చునని చేసి చూపిన ఇంజనీరు పాల్ ఐస్లర్.

ఐస్లర్ 1907లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. 1930లో అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో పట్టా పొందాడు. యూదులపై ద్వేషం ప్రబలిన ఆ రోజులలో చదువుకు తగిన ఉద్యోగం దొరకడం కష్టమైంది. కొంతకాలం పత్రికా ముద్రణరంగంలో పనిచేశాడు. బ్రతుకుతెరువుకై నేర్చిన ఆ విద్యయే తరువాత అతని ఆవిష్కరణకు మూలమైంది. 1936లో అతడు ఇంగ్లండుకు వలసవెళ్ళాడు.

ఆనాడు రేడియోలోని తీగలన్నింటినీ కార్మికులు చేతితో కలిపి టంకం వేసేవారు. ఒక్క అతుకు ఊడినా రేడియో మూగబోయేది. ఐస్లర్ ఈ పనిని ముద్రాపకుని దృష్టితో చూశాడు. విద్యుత్తు ప్రవహించని పలకపై పలుచని రాగిరేకును అంటించాలి. తీగలు ఉండవలసిన చోట మాత్రమే రక్షణనిచ్చే సిరాతో ఆకృతిని ముద్రించాలి. పలకను రాగిని కరిగించే ద్రావణంలో ముంచితే, సిరా లేని చోట రాగి కరిగిపోతుంది. సిరా కింది రాగి మార్గంగా మిగులుతుంది. మూలప్రతి ఒకటి సిద్ధమైతే చాలు, వేల పలకలు ఒకే తీరున తయారవుతాయి.

లండనులోని ఒక అద్దె గదిలో తాను నిర్మించిన రేడియోను అతడు ఒక సంస్థకు చూపాడు. తీగలు కలిపే పనిని యువతులు తక్కువ కూలికే చేస్తున్నారనీ, కొత్త పద్ధతి అనవసరమనీ ఆ సంస్థ తిరస్కరించింది. శ్రమ చౌకగా లభించే చోట యంత్రానికి ఆదరణ ఆలస్యంగా లభిస్తుంది కదా!

యుద్ధకాలంలో, 1940లో, శత్రుదేశీయుడనే పేరున బ్రిటిష్ ప్రభుత్వం అతనిని నిర్బంధించింది. 1941లో విడుదలైన పిమ్మట అతడు ఒక ముద్రణ సంస్థలో చేరాడు. ఒప్పందపత్రాన్ని చదవకుండానే సంతకం చేశాడు. ఆవిష్కరణపై హక్కులు ఆ సంతకంతోనే చేజారిపోయాయి. 1943లో పేటెంటుకు దరఖాస్తు దాఖలైనా, ఫలితం అతనికి పూర్తిగా దక్కలేదు.

ఈ ఆలోచన ఐస్లర్‌కు ఒక్కనికే కలిగినది కాదు. 1903లోనే ఆల్బర్ట్ హాన్సన్ పలుచని లోహపు రేకులతో విద్యుత్ మార్గాలను అమర్చే పద్ధతిని ప్రతిపాదించాడు. 1963లో అమెరికాలోని ఒక న్యాయస్థానం ఐస్లర్ పేటెంట్లు చెల్లవని తీర్పు చెప్పింది. అయినను రాగిరేకును, ముద్రణను జతపరచి పరిశ్రమకు పనికివచ్చే పద్ధతిగా తీర్చిన ఘనత అతనిదే.

ఐస్లర్ 1992లో మరణించాడు. మన చేతిలోని సెల్‌ఫోనులో నేటికీ ముద్రిత వలయమే పనిచేస్తున్నది. రెండు విద్యలు ఒకే మనస్సులో కలిసినపుడు కొత్త మార్గం పుడుతుందనీ, సంతకానికి ముందు పత్రాన్ని చదవాలనీ అతని జీవితం మనకు బోధిస్తున్నది.

ప్రశ్నలు
1. ఐస్లర్ ముద్రణానుభవం అతని ఆవిష్కరణకు ఎట్లు తోడ్పడింది?
2. ఆవిష్కర్తకు ఫలితం దక్కకపోవడానికి కారణాలను వివరించండి.