రహస్యం విప్పితే నష్టమా?

పిఠాపురానికి దగ్గరలోనే ఉప్పాడ ఉంది. అక్కడి జాందానీ చీర మీద నెమలి బుటాను చూసి మెచ్చుకోవడం తేలికే. కాని చీరను మాత్రమే చూసి ఆ బుటాను మార్చి నేయడం కష్టం. గళ్ల కాగితం మీద గీసిన నమూనా చేతికిస్తే? నేత తెలిసినవారు నాలుగు గళ్లు మార్చి కొత్త బుటా తీయగలరు.

కంప్యూటర్ ప్రోగ్రాము సంగతీ ఇంతే. మనం వాడే ప్రోగ్రాము చీర వంటిది. మనిషి చదవగలిగేలా రాసిన అసలు ఆదేశాలు గళ్ల కాగితం వంటివి. వీటిని 'సోర్స్ కోడ్' అంటారు. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచుకోవచ్చు అని అనుమతిస్తూ దానిని బయటపెడితే అది 'ఓపెన్ సోర్స్'. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ ఇలాంటిదే. ఆండ్రాయిడ్ ఫోన్లకు పునాది అదే.

మరి, వ్యాపార సంస్థ తన నమూనాను ఉచితంగా ఇస్తే నష్టపోదా? మైక్రోసాఫ్ట్ సంగతి చూడండి. 2001లో ఆ సంస్థ అధిపతి స్టీవ్ బాల్మర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చారు. 2014లో హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల ఆ పదవిలోకి వచ్చారు. అదే ఏడాది 'డాట్ నెట్' కోడ్‌లో ముఖ్య భాగాన్ని ఓపెన్ సోర్స్ చేస్తున్నట్లు సంస్థ ప్రకటించింది. 2015లో ప్రోగ్రాములు రాసేందుకు పనికొచ్చే 'విజువల్ స్టూడియో కోడ్'నూ అలాగే బయటపెట్టింది.

ఇది దానం కాదు, ఇచ్చిపుచ్చుకోవడం. పనిముట్టును వాడేవారే దానిలోని తప్పులు దిద్దుతారు, కొత్త సౌకర్యాలు చేరుస్తారు. సంస్థ ఇంజనీర్లకు ఇతర పనులకు తీరిక చిక్కుతుంది. సంపాదన మాటేమిటి? కంప్యూటర్లను అద్దెకిచ్చే 'అజూర్' వంటి సేవల నుంచి వస్తుంది. అందులో ఒకప్పుడు తిట్టిన లినక్స్ కూడా నడుస్తుంది!

అయితే అందరూ పుచ్చుకునేవారే అయితే? వెబ్‌సైట్లకు మనం పంపే సమాచారాన్ని రహస్యంగా ఉంచే 'ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్'ను ఎన్నో పెద్ద కంపెనీలు వాడుకునేవి. దాని బాగోగులు చూసేవారు మాత్రం కొద్దిమందే. 2012లో విడుదలైన కోడ్‌లోని ఒక తప్పు 2014 ఏప్రిల్ దాకా బయటపడలేదు. 'హార్ట్‌బ్లీడ్' అనే ఆ లోపం వల్ల పాస్‌వర్డులు దొంగల చేతికి చిక్కే ప్రమాదం ఏర్పడింది. అప్పుడుగాని పెద్ద కంపెనీలు కలిసి ఇటువంటి పనులకు నిధి ఏర్పాటు చేయలేదు. కోడ్‌ను బయటపెడితే చాలదు, శ్రద్ధగా చదివేవారూ ఉండాలి.

చేసి చూడండి: ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్', ఆ తర్వాత 'లీగల్ ఇన్ఫర్మేషన్' తెరవండి. ఫోన్‌ను బట్టి ఈ పేర్లు కొంచెం మారవచ్చు. లైసెన్సుల పొడవైన జాబితా కనిపిస్తుంది. మీ ఫోన్‌లో ఎంతమంది శ్రమ కలిసి ఉందో మీకే తెలుస్తుంది.