కోటి రూపాయల బీమా: కాగితం ఏది?

మంథని నుంచి రోజూ సింగరేణి అడ్రియాల బొగ్గు గనికి వెళ్లే కార్మికుడి ప్రశ్న: "కోటి రూపాయల బీమా ఉందంటరు. నా చేతిల పాలసీ కాగితమే లేదు. ఎట్ల నమ్మాలె?"

కాగితం లేకపోవడంలో వింతేమీ లేదు. గ్రూపు బీమాలో అందరికీ కలిపి ఒకటే ఒప్పందం ఉంటుంది. దాన్నే మాస్టర్ పాలసీ అంటారు. కార్మికుడు అందులో సభ్యుడు మాత్రమే. 2024 ఫిబ్రవరి 26న ప్రారంభమైన ఈ సింగరేణి ప్రమాద బీమా పథకం యూనియన్ బ్యాంకు జీతం ఖాతాతో ముడిపడింది. అందుకే ఆయన ముందు తిరగేయాల్సింది పాస్‌బుక్కే: అది జీతం ఖాతాయా, మామూలు పొదుపు ఖాతాయా? బ్రాంచిలో అడిగితే తేలిపోతుంది.

అసలు తిరకాసు "ప్రమాద" అనే మాటలో ఉంది. పైకప్పు కూలినా, రోడ్డు మీద బండి గుద్దినా అది ప్రమాదమే. ఇంట్లో నిద్రలో గుండె ఆగితే కాదు. అప్పుడు ఈ కోటి రాదు. సహజ మరణానికి వేరే ఆసరా ఉందేమో చూసుకోవాలి. పిల్లలు చదువుకుంటున్న ఇంట్లో సొంతంగా ఒక టర్మ్ పాలసీ ఉండక తప్పదు.

ఇక నామినీ. పెళ్లికి ముందు అమ్మ పేరు రాసి, తర్వాత మార్చడం మరిచిపోయేవాళ్లు ఎందరో! బ్యాంకులో, భవిష్యనిధిలో విడివిడిగా చూసుకోవాలి. ఒకచోట మారిస్తే రెండోచోట దానంతటది మారదు.

రిటైరయ్యాక జీతం ఖాతాతో వచ్చే రక్షణ సాధారణంగా ఆగిపోతుంది.