సాలెపురుగు కాయకము
(గృహ పరిశీలన పాఠము)

‘శ్రీకాళహస్తి’ అను పేరునందు ‘శ్రీ’ యనగా సాలెపురుగు, ‘కాళ’ మనగా సర్పము, ‘హస్తి’ యనగా ఏనుగు. లింగముపై గూడు నేసి సేవించిన సాలెపురుగు, దీపజ్వాల తన గూటిని దహింపగా ఆ జ్వాలనే మ్రింగబోయి శివానుగ్రహము నందెనని క్షేత్రకథ. 16వ శతాబ్దమున ధూర్జటి దీనిని కావ్యమున విస్తరించెను. ముండకోపనిషత్తు సృష్టిక్రమమునకు ఊర్ణనాభమును, అనగా సాలెపురుగునే, ఉపమానముగా గైకొన్నది. ఇంతటి గౌరవము నందిన జీవిని మన మిండ్లలో బూజుకర్రతో మాత్రమే పలుకరించుచున్నాము.

సాలెపురుగు కీటకము కాదు. కీటకమునకు 6 కాళ్లు, దీనికి 8. కండ్లు సాధారణముగా 8. పొట్ట చివరనున్న నాళముల నుండి వెడలు ద్రవము దారముగా గట్టిపడును.

ఇంట గనబడు రకములు

ఉయ్యూరు చెరకుతోటలకు, వరిచేలకు నెలవైన ఊరు. ఇచ్చటి ఇండ్లలో కొంచెము ఓపికతో చూచినచో నాలుగు విధముల సాలీళ్లు కనబడును. గోడమూలల సన్నని పొడవుకాళ్ల సాలీడు తన గ్రుడ్లను నోట కరచుకొని కాపాడును. గూడు కదలినచో ఒడలెల్ల ఊపును. గోడలపై పరుగిడు వెడల్పాటి సాలీడు వల పన్నదు. రాత్రివేళ బొద్దింకలను వేటాడును. ఆడుది బిళ్లవంటి గ్రుడ్ల సంచిని పొట్టక్రింద మోయును. కిటికీకడ గెంతు చిన్న సాలీడు చూపుతో వేటాడును. మనవైపు తిరిగి చూచును. పెరటి మొక్కల నడుమ చక్రమువంటి వల నేసి, దానిలో గుణకారపు గుర్తువలె తెల్లని అల్లిక వేసి, తలక్రిందులుగా కూర్చుండునది నాలుగవది.

చక్రపు వలలు నేయు సాలీళ్లలో అనేకములు పాతవలను తామే తిని, ఆ సరకుతో మరల నేయును. బసవేశ్వరుడు చాటిన కాయకమునకు ఇంతకంటె చక్కని దృష్టాంతము పెరటిలో దొరకుట కష్టము.

ఛాయాచిత్రము తీయు విధము

సెల్‌ఫోను కెమెరా చాలును. ధనుర్మాసపు ఉదయమున మంచుబిందువులు నిలిచిన వలను, వెలుగు ఎదుటివైపు నుండి పడునట్లు, వెనుక చీకటి భాగముండునట్లు చూచి తీయవలెను. గూటిని తాకరాదు; పిండి చల్లరాదు. చిత్రముతో తేదీ, వేళ, చోటు వ్రాసికొనవలెను. ఒకే గ్రుడ్లసంచిని దినదినమును తీసినచో పిల్లలు వెడలుట, వానిలో కొన్ని దారము వదలి గాలిలో తేలిపోవుట కనబడవచ్చును.

తెలియవలసిన రెండు సంగతులు

సాలీడు ఒంటిపై ప్రాకినచో పొక్కులు లేచునని పలువురి నమ్మకము. అట్టి పొక్కులకు తరచు కారణములు వేరు. దీపములకు వచ్చు ఒక చిన్న పురుగు చర్మముపై నలిగినచో దాని రసమువలన బొబ్బలు లేచును. ఒక ప్రక్కనే పట్టీవలె లేచి మంటపెట్టు పొక్కులు సర్పి కావచ్చును. అది ఒంటిలో దాగియున్న ఆటలమ్మ వైరస్సు మరల విజృంభించుటవలన కలుగును. దానికి 3 దినములలోపల మందు మొదలిడుట మేలు. కంటిదగ్గర లేచినచో ఆలస్యము చూపునకే ముప్పు. సాలీటిని నిందించుచు పసరు పూసి కాలము గడపరాదు.

రెండవది: వరిచేలలో సుడిదోమను తిను జీవులలో సాలీళ్లు ముఖ్యములు. విచక్షణలేక మందు చల్లినచో ముందు సాలీళ్లు నశించును; పిదప దోమ మరింత ప్రబలును.

ఆచరణ

పండుగకు ఇల్లు దులుపునపుడు దుమ్ముపట్టిన ఖాళీ బూజును తీసివేయుడు. సాలీడుగాని గ్రుడ్లసంచిగాని యున్నచో గ్లాసు బోర్లించి, అడుగున కాగితము చొప్పించి, పెరటిలో విడువుడు. మన ఇండ్లలో సామాన్యముగా కనబడునవి ప్రాణాపాయకరములు కావు. అయినను చేతితో పట్టరాదు. పిల్లలచే ఒక్క గూటిని వారము దినములు చూపించి, చూచినది వ్రాయింపుడు. చూచుట నేర్చిన చేయి చంపుటకు తొందరపడదు.