నిజాం బస్సు నుంచి ఆర్టీసీ దాకా

హైదరాబాద్ సంస్థానంలో 1874 నాటికే వాడి–సికింద్రాబాద్ రైలు మార్గం వచ్చినా, స్టేషన్‌కు దూరంగా ఉన్న ఊళ్లకు ఎడ్లబండే దిక్కు కాగా, నిజాం ప్రభుత్వ రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగాన్ని ప్రారంభించింది. రైలును, బస్సును ఒకే యాజమాన్యం నడపడం ఆనాటికి ముందుచూపే. బస్సు నంబరులోని ‘జడ్’ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తని చెబుతారు. నేటికీ ఆర్టీసీ బస్సులపై అది కనిపిస్తుంది. 1951లో రైల్వే నుంచి విడివడి హైదరాబాద్ ప్రభుత్వం చేతికి వచ్చిన ఈ విభాగమే, 1958 జనవరి 11న కార్పొరేషన్‌గా, అంటే ప్రభుత్వానిదే అయినా సొంత ఖాతాలతో నడిచే చట్టబద్ధ సంస్థగా మారి, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ అయింది. అత్యధిక బస్సులున్న సంస్థగా 1999లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. రాష్ట్ర విభజన తరువాత ఆ బస్సులు రెండు సంస్థల మధ్య పంపకమయ్యాయి.