సాగర్ మట్టం, ఢిల్లీ ఉత్తర్వు

నందికొండ ఎడమ కాలువ నీళ్లతో వరి పండిస్తూ తల నెరిసినవాణ్ణి. కొత్తగా సాగులోకి దిగే పిల్లలకు ఈ ఐదు మాటలు చెప్పాలి.

1. నాగార్జునసాగర్ మట్టం అందరూ చూస్తారు. నిండితే 590 అడుగులు. 510కి దిగితే పొలాలకు నీళ్ల మీద ఆశ వదులుకోవాలి. మీరు అంతకన్నా ముందు ఎగువన ఆల్మట్టి చూడండి. అక్కడ గేట్లు లేస్తే నారాయణపూర్, జూరాల, శ్రీశైలం దాటి వరద మనదాకా వస్తుంది.

2. నీళ్ల కబురు ఒక్కటే సరిపోదు. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం ఆపేసింది. అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాలకు పరుగెత్తారు. జూలై 1 నాటికి ఉండాల్సిన బియ్యం నిల్వ 135.4 లక్షల టన్నులైతే, కేంద్రం దగ్గర అంతకన్నా ఎక్కువే ఉంది. మరి ఎందుకు ఆపినట్టు? ఏడాదిలో చిల్లర ధర 11.5 శాతం పెరిగిందని కేంద్రమే చెప్పింది. ఎల్‌నినోతో వానలు తగ్గుతాయన్న భయమూ తోడైంది. ఆ భయం ఉత్తది కాదు, దేశంలో ఆ ఆగస్టులో పడినంత తక్కువ వాన 1901 నుంచి ఏ ఆగస్టులోనూ పడలేదు. అందుకే గోదాముల లెక్కతో ఊరుకోకండి, పట్నంలో కిలో బియ్యం ఎంతకు అమ్ముతున్నారో కనుక్కోండి.

3. ఉప్పుడు బియ్యం వార్త వదలొద్దు. యాసంగి వడ్లు ఎండలకు లోపలే పగులుతాయి. నాలుగు గింజలు అరచేతిలో నలిపి, పొట్టు ఊది, వెలుతురుకు పట్టి చూడండి, అడ్డంగా సన్నని గీత కనబడుతుంది. పచ్చి వడ్లు మర పడితే అక్కడే విరిగి నూకవుతుంది. అందుకే మిర్యాలగూడ మిల్లుల్లో ఉడకబెడతారు. ఆ బియ్యం ఎగుమతి మీద 2023 ఆగస్టు 25న 20 శాతం సుంకం పడింది. పూర్తిగా పోయేసరికి 2024 అక్టోబరు వచ్చింది.

4. 2007-08లో ప్రపంచమంతా తిండిగింజల ధరలు మండినప్పుడు ఒక దేశాన్ని చూసి మరో దేశం ఎగుమతులు ఆపింది. మనమూ ఆపాం. ఆ దెబ్బతోనే 2011లో జీ20 దేశాలు పంటల, నిల్వల సమాచారం పంచుకునే ఏర్పాటు చేసుకున్నాయి. మంచి పనే. ఆ సమాచారం వ్యాపారికి ఫోన్లో అందుతోంది. కౌలు రైతుకు మాత్రం ధర పడ్డాకే తెలుస్తోంది. రైతువేదిక గోడ మీద వారానికోసారి తెలుగులో రాసి పెట్టమని అడగండి.

5. పేదవాడి కంచం నిండాలి, మన బియ్యం మీద బతికే ఆఫ్రికా పేదవాడిదీ నిండాలి. కానీ ఎగుమతి మీద ఆంక్ష పెట్టేదుంటే నారు పోసేలోపు చెప్పాలి. నాట్లు పడ్డాక చెబితే రైతు చేతిలో ఇంకేముంటుంది? మధ్యలో పెట్టక తప్పనినాడు, కొనుగోలు కేంద్రాలు ముందే తెరిచి, మద్దతు ధరకు గింజ మిగలకుండా కొనాలి.